రెండో మౌనం

బజార్లో ఎవరైనా మనల్ని ఆపి "బస్టాండు ఎటండీ?" అని అడిగితే ఆయనకు దారి తెలియదని అర్థం. చెప్పాక దణ్ణం పెట్టి వెళ్తాడే తప్ప "వెరీ గుడ్, కరెక్టుగా చెప్పావు, కూర్చో" అనడు. బళ్ళో వ్యవహారం దీనికి తలకిందులు. అక్కడ జవాబు తెలిసినవాళ్ళే ప్రశ్న అడుగుతారు, తెలియనివాళ్ళు జవాబు చెప్పాలి. చెప్పింది తప్పో ఒప్పో మళ్ళీ అడిగినవాళ్ళే తేలుస్తారు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో భాషా పరిశోధకులు జాన్ సింక్లెయిర్, మాల్కమ్ కూల్తార్డ్ తరగతి గదుల్లో సాగే సంభాషణలను విడదీసి చూసి, వాటి వెనక ఉన్న మూడంగల వరసను 1975లో ఒక పుస్తకంలో వివరించారు. టీచరు అడగడం, పిల్లవాడు చెప్పడం, దాని మీద టీచరు మళ్ళీ ఏదో ఒకటి అనడం. చదువుకున్న ప్రతివాడి చెవికీ ఈ వరస ఎంత అలవాటంటే, ఇది వరస అని కూడా తోచదు.

మూడు అంగలుంటే వాటి మధ్య రెండు ఖాళీలుంటాయి. ఈ అధ్యాయం ఆ ఖాళీల గురించి.

అంగల్ని లెక్కపెట్టే పని ముందే మొదలైంది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీకి చెందిన రోమియెట్ స్టీవెన్స్ హైస్కూలు తరగతుల్లో షార్ట్‌హ్యాండ్ రాసేవాళ్ళను కూర్చోబెట్టి, పాఠంలో పలికిన ప్రతి మాటనూ రాయించారు. 1912లో ఆమె అచ్చువేసిన లెక్క ప్రకారం టీచర్లు నిమిషానికి రెండు నుంచి నాలుగు ప్రశ్నలు అడుగుతున్నారు. రోజు మొత్తం మీద సగటు 395. ఇంత వేగంలో పిల్లలు ఆలోచించి చెప్పేదేమీ ఉండదని, పుస్తకంలో చదివింది గుర్తు తెచ్చుకుని అప్పజెప్పడమే జరుగుతుందని ఆమెకు అప్పుడే అర్థమైంది. కానీ షార్ట్‌హ్యాండ్‌కు మాటే దొరుకుతుంది. ఇద్దరూ ఊరుకున్న చోటు దొరకదు. దాన్ని పట్టుకోవడానికి టేప్ రికార్డరు రావాలి, దాన్ని ఓపికగా వినే మనిషి కూడా రావాలి. ఆ మనిషి పేరు మేరీ బడ్ రో.

ఆమె టేపులు విన్న కాలం గురించి నాలుగు మాటలు. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఎగరేశాక అమెరికాకు తన బళ్ళలో చెప్పే సైన్సు మీద బెంగ పట్టుకుంది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో కొత్త పాఠ్యక్రమాలు పుట్టుకొచ్చాయి. ప్రాథమిక తరగతుల కోసం పుట్టిన వాటిలో ఒకదానికి పెద్ద, బర్క్‌లీలోని రాబర్ట్ కార్‌ప్లస్. ఎలక్ట్రాన్ అయస్కాంత భ్రామకం లెక్కల్లో పేరు తెచ్చుకున్న సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త ఆయన. అలాంటివాడు రెండో తరగతి పిల్లల దగ్గర కూర్చుని, వాళ్ళు దేన్ని చూసి ఏమనుకుంటున్నారో వినడానికి తన జీవితంలో సగం వెచ్చించాడు. (మన దగ్గర ఐఐటీ ప్రొఫెసర్లు ఎంతమంది ఒకటో తరగతి గడప తొక్కి ఉంటారో!) ఆయన కార్యక్రమంలో పిల్లల చేతికి పుస్తకం కంటే ముందు వస్తువులు వచ్చేవి. ముట్టుకోవాలి, కదిలించాలి, ఏం జరిగిందో చెప్పాలి.

ఆ తరగతుల టేపులు వింటున్న రోకు ఒక సంగతి అంతుబట్టలేదు. వస్తువులు బాగున్నాయి, టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పిల్లలు ఉత్సాహంగానే ఉన్నారు. అయినా మాటలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. పిల్లలు ఒకటి రెండు మాటల్లో చెప్పి ఊరుకుంటున్నారు. తమంతట తాము ప్రశ్న అడిగేవాళ్ళు దాదాపు లేరు. లోపం పాఠ్యక్రమంలో ఉందా, పిల్లల్లో ఉందా, ఇంకెక్కడైనా ఉందా? ఏవో కొన్ని టేపుల్లో మాత్రం సంభాషణ వేరే రకంగా సాగుతోంది. ఆ టీచర్లు ఏం చేస్తున్నారో తెలుసుకోవడానికి ఆమె టేపులోని ధ్వనిని గ్రాఫు కాగితం మీద గీతగా గీసే యంత్రానికి ఎక్కించారు. మాట ఉన్నచోట కలం ఎగిరిపడుతుంది, మాట లేనిచోట అడ్డంగా సాగిపోతుంది. ఆ అడ్డగీతల పొడవు కొలిస్తే మౌనం ఎన్ని సెకన్లో తెలుస్తుంది.

తేలింది ఇది. టీచరు ప్రశ్న ముగించాక జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను. ఆలోగా ఎవరూ పలక్కపోతే ప్రశ్నను తిప్పి అడుగుతారు, ఇంకొకర్ని లేపుతారు, లేకపోతే జవాబు తామే చెప్పేస్తారు. పిల్లవాడు ఏదో చెప్పి ఆగాడా, టీచరు గొంతు వినిపించడానికి పట్టేది సెకనులో పదింట తొమ్మిది వంతులు. అంటే రెండో ఖాళీ మొదటిదానికంటే ఇంకాస్త ఇరుకు. సంభాషణ వేరే రకంగా సాగిన ఆ కొద్ది టేపుల్లో ఈ ఖాళీలు మూడు సెకన్లకు దగ్గరగానో, అంతకు మించో ఉన్నాయి.

మొదటి ఖాళీ సంగతి చెప్పగానే తెలిసిపోతుంది: ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలి, అంతే. ఉపాధ్యాయ శిక్షణల్లో ఎక్కువగా వినపడేదీ ఇదే. "ప్రశ్న అడిగాక మనసులో మూడంకెలు లెక్కపెట్టుకోండి" అంటారు. నా దృష్టిలో అసలు కథ రెండోదాంట్లో ఉంది. దాన్ని దగ్గర్నుంచి చూడాలంటే ఒక తరగతిని ఊహించుకోవాలి.

ఏడో తరగతి, ఎండాకాలం. బల్ల మీద స్టీలు గ్లాసు నిండా ఐసు నీళ్ళు. కాసేపటికి గ్లాసు బయట చెమట పట్టింది. టీచరు అడిగింది: "ఈ నీటి బొట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?" వెనక బెంచీ పిల్లవాడు లేచాడు. "లోపలి నీళ్ళే బయటికొచ్చాయి టీచర్."

మామూలుగా అయితే ఇక్కడ సెకను కూడా గడవదు. "కాదు. కూర్చో. ఇంకెవరు చెప్తారు?" ముందు బెంచీ అమ్మాయి "గాలిలోని నీటి ఆవిరి టీచర్" అంటుంది. "వెరీ గుడ్. గాలిలోని నీటి ఆవిరి." పాఠం ముందుకెళ్ళింది. వెనక బెంచీ వాడికి తెలిసిందల్లా తన జవాబు తప్పనే. ఎందుకు తప్పో తెలియలేదు.

అదే టీచరు ఏమీ అనకుండా గ్లాసు వైపే చూస్తూ ఊరుకుందనుకుందాం. ఒకటి, రెండు, మూడు సెకన్లు. వాడు ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోమనలేదు కాబట్టి కూర్చోలేడు. గ్లాసు వైపు చూస్తాడు. "కానీ... స్టీలు గ్లాసుకు చిల్లులుండవు కదా." మళ్ళీ మౌనం. పక్కవాడు అందుకుంటాడు: "అట్లయితే మామూలు నీళ్ళు పోసినా కారాలి గదరా." ఇంకో రెండు సెకన్లు. మొదటివాడు: "చల్లగా ఉంటేనే వస్తున్నాయి... మరి బయటి గాలిలోంచా టీచర్?"

ఇక్కడ టీచరు చెప్పింది ఏమీ లేదు. వాడు తన జవాబును తానే పట్టుకుని, తిరగేసి చూసి, పక్కన పెట్టాడు. రో గీయించిన గ్రాఫుల్లో సరిగ్గా ఈ ఆకారమే కనబడింది. పిల్లలు వివరించే మాట ఒక ధారగా రాదు, తునకలు తునకలుగా వస్తుంది. ఒక తునక, తర్వాత మూడు నాలుగు సెకన్ల ఖాళీ, మళ్ళీ ఒక తునక. మొదటి తునక పూర్తి కాగానే జవాబు అయిపోయిందనుకుని టీచరు అందుకుంటే, తక్కినవి ఎప్పటికీ బయటికి రావు. పిల్లలు ముక్కలుగా మాట్లాడుతున్నారని ఆమె మొదట అనుకున్నదానికి కారణం ఇదే. ముక్కలు చేస్తున్నది పెద్దవాళ్ళు.

టీచర్లకు శిక్షణ ఇచ్చి రెండు ఖాళీలనూ మూడు సెకన్లు దాటించినప్పుడు ఏమైందో ఆమె 1974లో వ్యాసాలుగా అచ్చువేశారు. పిల్లల జవాబుల పొడవు మూడు రెట్ల నుంచి ఏడు రెట్ల దాకా పెరిగింది. లేపకుండానే లేచి సందర్భానికి తగిన మాట చెప్పేవాళ్ళు పెరిగారు. "తెలియదు సార్"లు, బెల్లం కొట్టిన రాళ్ళలా నిలబడటాలు తగ్గాయి. చెప్పినదానికి ఆధారం చూపడం, ఒకరు చెప్పినదాన్ని మరొకరు చూసినదాంతో పోల్చడం, "ఒకవేళ ఇలా అయితే" అని ఊహించడం పెరిగాయి. పిల్లలు ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. చిత్రంగా అల్లరి కూడా తగ్గింది. టీచర్లలో వచ్చిన మార్పు ఇంకా ఆసక్తికరం. వాళ్ళడిగే ప్రశ్నలు తగ్గాయి, వాటి రకం మారింది. పిల్లవాడు ఇప్పుడే అన్నదాన్ని పట్టుకుని తర్వాతి ప్రశ్న అడగడం వచ్చింది. ముందే రాసిపెట్టుకున్న ప్రశ్నల వరస వెనక్కి పోయింది.

ఆమె గమనించిన మరో సూచిక నాకు బాగా నచ్చింది. తొందర తరగతిలో పిల్లలు జవాబును కూడా ప్రశ్నలాగే చెబుతారు. "ఆక్సిజనా సార్?" అన్నట్టు చివర్న గొంతు పైకి లేస్తుంది. చెబుతున్నప్పుడు కళ్ళు బల్ల మీది వస్తువు మీద ఉండవు, టీచరు మొహం మీద ఉంటాయి. అక్కడ కనుబొమ కదిలిందా, పెదవి విరిచారా అని వెతుకుతుంటారు. ఆగే సమయం పెరిగినప్పుడు ఆ రాగం తగ్గింది.

ఇంత లాభం ఉంటే అందరూ ఎందుకు ఆగరు? ఓపిక లేకనో, సిలబస్ ఒత్తిడి వల్లనో అనుకోవడం తేలిక. కానీ కారణం టీచర్లకు మాత్రమే సంబంధించింది కాదు. మనందరి మాటకూ ఒక తాళం, ఒక లయ ఉంది. 2009లో తాన్యా స్టైవర్స్, స్టీఫెన్ లెవిన్సన్ తదితరులు ప్రపంచం నలుమూలల నుంచి పది భాషలు తీసుకుని, మామూలు కబుర్లలో అవును, కాదు జవాబు కోరే ప్రశ్నల తర్వాత ఎంత ఖాళీ ఉంటుందో కొలిచారు. సగటు సెకనులో దాదాపు ఐదో వంతు. అన్నిటికంటే వేగమైన జపనీస్‌లో అది సెకనులో వందో వంతు కూడా లేదు. అన్నిటికంటే నిదానమైన డేనిష్‌లోనూ అర సెకను లోపే. ఆ పదింటిలో తెలుగు లేదు గానీ, మన అరుగుల మీద కబుర్లు డేనిష్ వాళ్ళకంటే నిదానంగా సాగుతాయని నేననుకోను. ఒక బొమ్మను చూసి దాని పేరు పలకడానికే మనిషికి అర సెకను పైన పడుతుంది. అయినా ఐదో వంతు సెకనులో జవాబు అందుకుంటున్నామంటే, అవతలివాళ్ళ మాట పూర్తి కాకముందే మన మాట లోపల సిద్ధమవుతోందన్నమాట.

ఇలాంటి వేగంలో ఒక సెకను చాలా పెద్దది. సంభాషణ విశ్లేషణకు పునాది వేసినవాళ్ళలో ఒకరైన గెయిల్ జెఫర్సన్ 1989లో ఇంగ్లిష్ సంభాషణలను పరిశీలించి, మాటల మధ్య మనుషులు సహించగల మౌనం సుమారు ఒక సెకను దగ్గర ఆగిపోతుందన్నారు. అది దాటుతుండగానే ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేస్తారు. రో టేపుల్లో దొరికిన అంకెను ఒకసారి గుర్తు చేసుకోండి. టీచర్లు కొత్తగా ఏ తప్పూ చేయడం లేదు. ఇంట్లో, కాంటీన్లో, ఫోన్లో వాడే గడియారాన్నే తరగతిలోకీ తీసుకొస్తున్నారు.

ఆ గడియారం మౌనానికి ఒక అర్థం కూడా చెబుతుంది. "ఓ ఐదువేలు సర్దుతావా?" అని అడిగినప్పుడు అవతలివాడు ఒక సెకను ఏమీ అనకపోతే, డబ్బు రాదని మనకు తెలిసిపోతుంది. "పోనీలే, చూద్దాం" అని మనమే మాట మార్చేస్తాం. అది మర్యాద. తరగతిలో పిల్లవాడు ఒక సెకను పలక్కపోతే టీచరులోని మర్యాదస్థుడు సరిగ్గా అలాగే చేస్తాడు. పాపం వాడికి రాదు, ఇబ్బంది పెట్టడమెందుకని ఇంకొకర్ని అడుగుతాడు. వాడికి వచ్చో రాకో, ఆలోచన అప్పుడే మొదలై ఉంటుంది.

ఈ జాలి అందరి మీదా సమానంగా పనిచేయదు. రో కొందరు టీచర్లను మీ తరగతిలో బాగా చదివే ఐదుగురిని, వెనకబడ్డ ఐదుగురిని చెప్పమని, టేపుల్లో వాళ్ళకు దక్కిన సమయం కొలిచారు. ముందున్న ఐదుగురికి దాదాపు రెండు సెకన్లు, వెనకున్న ఐదుగురికి ఒక సెకను లోపు. ఎవరికి ఎక్కువ వ్యవధి కావాలో వాళ్ళకే తక్కువ దక్కుతోంది. ఏ టీచరూ దీన్ని పనిగట్టుకుని చేయలేదు. వాడు చెప్పగలడన్న నమ్మకం ఉన్నచోట ఒళ్ళు దానంతట అదే ఆగుతుంది, లేనిచోట ఆగదు. ఆగే సమయం పెంచాక వెనకబడ్డవాళ్ళ నుంచి మాటలు రావడం మొదలైంది, వాళ్ళ మీద టీచర్ల అంచనాలూ కదిలాయి. ఏడాదంతా ఎదురుగా ఉన్న పిల్లవాడు మాట్లాడగలడని తెలియడానికి రెండు సెకన్లు అడ్డుగా ఉన్నాయి.

మన బళ్ళలో ఈ ఖాళీని మింగే సొంత పద్ధతులు కొన్ని ఉన్నాయి. మొదటిది కోరస్. "మొక్కలు ఆహారం తయారు చేసుకోవడాన్ని కిరణజన్య సంయోగ...?" అని మాస్టారు రాగం తీస్తే అరవై గొంతులు "...క్రియ!" అంటాయి. అక్కడ మౌనానికి తావే లేదు. జవాబులో తొంభై శాతం ప్రశ్నలోనే ఉంది. "అర్థమైందా?", "అర్థమైంది సార్!" కూడా ఈ కోవలోదే. కోరస్‌ను నేను పూర్తిగా తీసిపారేయను. ఎక్కాలకీ పద్యాలకీ, బెదిరిన పిల్లలకు గొంతు పెగలడానికీ అది పనికొస్తుంది. కానీ దాంతో నడిచే పీరియడ్‌లో ఎవరికేం తెలుసో మాస్టారికి తెలిసే దారి లేదు.

రెండోది పిల్లలు చెప్పినదాన్ని టీచరు వెంటనే తిరిగి పలకడం. వెనకవాళ్ళకు వినబడాలనే సదుద్దేశంతోనే చేస్తారు. ఇది అమెరికాలోనూ ఉంది, రో దీన్ని ప్రత్యేకంగా పట్టుకున్నారు. టీచరు తిరిగి పలికిన క్షణంలో రెండో ఖాళీ మూసుకుపోతుంది. పైగా తోటివాడు చెప్పినప్పుడు వినక్కర్లేదు, టీచరు మళ్ళీ చెబుతారుగా అన్న సంగతి పిల్లలకు వారంలో తెలిసిపోతుంది. మూడోది మెచ్చుకోలు. మాట మాటకీ "గుడ్", "శభాష్" పడే తరగతుల్లో పిల్లలు పని మీద కంటే పెద్దవాళ్ళ ఆమోదం మీద దృష్టి పెడతారని రో గమనించారు. వెనకబడ్డవాళ్ళకు పడే శభాష్‌లలో చాలావరకు దేనికి పడ్డాయో కూడా తెలిసేది కాదట. నాకు దీంట్లో ఆశ్చర్యమేమీ లేదు. ఒకడు "గుడ్" అనిపించుకోగానే తక్కిన యాభై తొమ్మిది మందికి ఆ ప్రశ్న తీరిపోయినట్టే.

అయితే మూడు సెకన్లు మంత్రసంఖ్య కాదు. ఆస్ట్రేలియాకు చెందిన కెన్నెత్ టోబిన్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ 1987లో ఒకచోట కూర్చి చూశాడు. ఎక్కువసేపు ఆగడం ఫలితమిచ్చేది ఆలోచన అడిగే ప్రశ్నలకు. నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి అని అడిగి ఐదు సెకన్లు ఆగితే ఒరిగేదేమీ లేదు. తెలిసినవాడికి అది వెంటనే గుర్తొస్తుంది, తెలియనివాడికి నిమిషం ఆగినా రాదు. కుక్కర్లో పప్పు గిన్నెలో కంటే త్వరగా ఎందుకు ఉడుకుతుందని అడిగితే అప్పుడు ఆ సెకన్లకు పని ఉంటుంది. దీన్ని తిప్పి చూస్తే, ఆగడం రాని తరగతి మెల్లమెల్లగా ఆగక్కర్లేని ప్రశ్నలనే అడగడానికి అలవాటు పడుతుంది.

ఇంకో చిక్కు, ప్రతి సమాజానికీ తాళం ఒకటే కాదు. అమెరికాలో నావహో తెగ పిల్లలను ఒక తెల్ల టీచరు, ఒక నావహో టీచరు వేర్వేరుగా పాఠం చెబుతుండగా పరిశీలించారు. పిల్లవాడు ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట తెల్ల టీచరు జవాబు అయిపోయిందనుకునేవారు. నావహో టీచరు ఆగేవారు, పిల్లవాడు కొనసాగించేవాడు. ఇదే పరిశోధనల్లో పాల్గొన్న రోలాండ్ థార్ప్ హవాయి స్థానిక పిల్లల దగ్గర దీనికి పూర్తిగా విరుద్ధమైన తీరు చూశాడు. వాళ్ళు ఒకరి మాట పూర్తి కాకముందే మరొకరు అందుకుంటారు. ఆ సమాజంలో అది అడ్డుతగలడం కాదు, శ్రద్ధగా వింటున్నానని చెప్పడం. అక్కడ సున్నాకంటే తక్కువ మౌనంలోనే చదువు బాగా సాగుతుంది. మన సంగతి ఈ రెంటికీ మధ్య ఎక్కడుందో! పెళ్ళిపందిట్లో నలుగురూ ఒకేసారి మాట్లాడి అందర్నీ అర్థం చేసుకునే మనం, క్లాసులో మాస్టారి ముందు మాత్రం నావహో పిల్లలమైపోతాం. ఒకే మనిషికి రెండు తాళాలుంటాయి.

తెలుసుకోవడానికీ చేయడానికీ మధ్య దూరం ఇక్కడ చాలా ఎక్కువ. నాథన్ స్విఫ్ట్, థామస్ గూడింగ్ 1983లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు మాధ్యమిక తరగతుల సైన్సు టీచర్లకు ప్రశ్నలు అడగడం మీద అచ్చు పుస్తకాలిచ్చారు, కొందరి తరగతుల్లో మౌనాన్ని కొలిచి అక్కడికక్కడే గుర్తుచేసే ఎలక్ట్రానిక్ పరికరం పెట్టారు. పుస్తకాలు చదివినవాళ్ళ కంటే పరికరం ఉన్నవాళ్ళ తరగతుల్లోనే మార్పు ఎక్కువ కనబడింది. ఇంగ్లండులో పాల్ బ్లాక్, డిలన్ విలియమ్ బృందంతో పనిచేసిన టీచర్లు కూడా ఆగే సమయం పెంచడం తాము నేర్చుకున్న వాటిలో కష్టమైనదని చెప్పారు. తమ మౌనం తమకే భరించరానిదయ్యేది. పిల్లలకూ కొత్తే. టీచరుకు ఏమైందోనని మొహమొహాలు చూసుకునేవాళ్ళు.

ఈనాటి టీచరు చొక్కా జేబులో రో యంత్రం కంటే మెరుగైన యంత్రం ఉంది. ఫోన్లో ఒక పీరియడ్ రికార్డు చేసుకుని ఇంటికెళ్ళి వింటే చాలు, ఎవరికీ చూపించక్కర్లేదు. మొదట వినబడేది సొంత గొంతు, అదీ ఎడతెరిపి లేకుండా. చెవి కాస్త అలవాటు పడ్డాక పిల్లల మాటలు ఎక్కడెక్కడ తెగిపోయాయో వినబడుతుంది.

సిలబస్ సంగతేమిటని ప్రతి శిక్షణలోనూ ఎవరో ఒకరు అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. లెక్క వేద్దాం. పీరియడ్‌లో ముప్పై ప్రశ్నలు, ప్రశ్నకు రెండు ఖాళీలు, ఒక్కోదానికి అదనంగా రెండు సెకన్లు. మొత్తం రెండు నిమిషాలు. హాజరు పిలవడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. పైగా ఆగడం అలవాటైన టీచరు ముప్పై ప్రశ్నలు అడగరు. సమయం నిజంగా పట్టేది మౌనానికి కాదు, దాని తర్వాత వచ్చే పొడుగాటి జవాబులకు. స్టీలు గ్లాసుకు చిల్లులుంటాయా అని వాదన మొదలైతే, ఇంకొకడు గాజు గ్లాసు తెచ్చి చూద్దామంటే, మరొకడు ఆ నీళ్ళల్లో రంగు కలుపుదామంటే, ఆ పీరియడ్ దానికే సరిపోతుంది.